చైనా కత్తికి నిమ్మకాయ

మనిషి పోయాక కువైట్‌లో మొదట అడిగేది ఎలా పోయాడని కాదు, ఇఖామా నంబరెంత అని. ఇక్కడ ఉండనిచ్చే కార్డు అది. పోయిన నెల ఆయన నంబరు నేనే టైపు చేశాను. షర్క్‌లో నా ఉద్యోగం అదే. అరబ్బీ ఫారాలు నింపడం, అరబ్బీ నోరు తిరగనివాళ్ళ తరఫున మాట్లాడటం. చిన్నప్పుడు రాయచోటి మదరసాలో దెబ్బలు తిని నేర్చుకున్న భాష అన్నం పెడుతోంది. యూనివర్సిటీలో ఇష్టపడి చదివిన ఎం.ఏ. హిస్టరీ ఇంకా పెట్టలేదు. తొందరేం లేదు, చూస్తున్నాను.

వృత్తి: డ్రైవర్. మరణ కారణం: గుండె ఆగిపోవడం. అంతటితో ఫారం తృప్తిపడింది. ఆ డ్రైవరు ఇరవై ఏళ్ళకు పైగా చైనా కత్తుల బాగోగులు చూశాడనీ, ఒకరోజు ఒక కత్తి గురించి నిజం చెప్పాలని నన్ను తోడు పిలిచాడనీ, నేను ఆ మాట కాకుండా ఇంకో మాట చెప్పాననీ రాయడానికి అందులో చోటు లేదు. ఇక్కడ రాస్తాను.

ఆయనది మా రాయచోటి పక్క పల్లె. కులం కమ్మరి, చేతి పనీ కమ్మరమే. ఇనుము కనబడితే చాలు, చూపుడువేలి గోటితో టక్కున కొట్టి, తల వంచి వినేవాడు. గేటు, పెనం, పార్కింగులో ఎవరిదో కారు బానెట్టు, దేన్నీ వదిలేవాడు కాదు. ఒకసారి షర్క్ చేపల మార్కెట్లో బంగ్లాదేశీ చేపలవాడి కత్తి అడిగి తీసుకుని, కొట్టి, విని, తిరిగిచ్చేశాడు.

“ఇది కొయ్యదబ్బీ. నలుపుతాది,” అన్నాడు నాతో.

ఏమంటున్నాడని చేపలవాడు అడిగాడు. “నీ కత్తి చాలా బాగుందంటున్నాడు,” అని హిందీలో చెప్పాను. వాడు మురిసిపోయి పులుసుకని ఒక హామూరు తలకాయ ఊరికే ఇచ్చాడు. నా అనువాదం ఎలాంటిదో మీకు ఇప్పుడే తెలియడం మంచిది.

ఆయన పనిచేసిన ఇల్లు రుమైథియాలో. ఇంటి యజమానిని పనివాళ్ళందరూ అన్నట్టే ఆయనా బాబా అనేవాడు. బాబా వయసులో ఉండగా వ్యాపారం మీద చైనా వైపు తిరిగేవాడట, పోయినప్పుడల్లా ఒక కత్తి వెంటబెట్టుకుని వచ్చేవాడట. మగవాళ్ళు కూర్చుని టీలు తాగే దివానియా హాల్లో, గోడ నిండా కత్తులే. వాటి కింద కూర్చున్న అతిథులు చాలా మర్యాదగా మాట్లాడుకునేవాళ్ళు.

డ్రైవరుగా చేరిన మొదటి నెలలో, వంటమనిషి గిన్నెలు తోమే ఇనుప పీచుతో ఒక కత్తిని తోమబోతుంటే ఈయన గుమ్మంలోంచి “లా! లా!” అని అరిచాడట. వద్దు, వద్దని. అప్పటికి ఆయనకు వచ్చిన అరబ్బీ అదొక్కటే. తోమమన్నది బాబానే, ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. బాబా కోప్పడలేదు. కత్తి ఈయన చేతికిచ్చి, ఏం చేస్తాడో చూస్తూ కూర్చున్నాడు. ఈయన మెడమీది తువ్వాలు తీసి మూతికి కట్టుకున్నాడు, ఊపిరి తడికి ఉక్కు పాడవుతుందని. నూనె అడిగాడు. మెత్తటి గుడ్డ అడిగాడు. సాయంత్రానికి కత్తి మీద చెక్కను చీల్చినప్పుడు కనబడే గీతల్లాంటివి తేలాయి. ఆ రోజు నుంచి గోడ మొత్తం ఆయనకు అప్పజెప్పారు. జీతం డ్రైవరుదే. (కరోనా రోజుల్లో ఊరంతా మాస్కులు పెట్టుకుంటే, “ఇప్పటికి బుద్ధొచ్చింది అందరికీ,” అన్నాడు.)

సైగలతో కొన్నేళ్ళు గడిచాక, తన డ్రైవరుకు ఇదంతా ఎలా తెలుసో కనుక్కోవాలని బాబాకు అనిపించింది. నన్ను పిలిపించాడు. అప్పటినుంచి శుక్రవారాలు సాయంత్రపు అసర్ నమాజయ్యాక నేను రుమైథియాలో తేలేవాణ్ణి. జీవితంలో చరిత్రకు దగ్గరగా నేను వెళ్ళింది ఆ శుక్రవారాల్లోనే.

చైనా కత్తులు ముఖ్యంగా రెండు రకాలని బాబా చెప్పాడు. రెండువైపులా పదునుండి నిటారుగా ఉండేది జ్యెన్. ఒకవైపే పదునుండి వంపు తిరిగి ఉండేది దావ్. యుద్ధాల్లో సిపాయిలు వంపు కత్తికే అలవాటుపడ్డారు, నిటారుది పోనుపోను పెద్ద అధికారుల నడుముకూ పండితుల గదులకూ చేరింది. ఇది తెలుగులో చెప్పగానే ఆయన నిటారు కత్తులకు ‘అయ్యవార్లు’ అనీ వంపు కత్తులకు ‘సేద్యగాళ్ళు’ అనీ పేరు పెట్టేశాడు.

“అయ్యవారు నిలబడి పాఠం చెప్తాడు. సేద్యగాడు నడుం వంచి పని చేస్తాడు. నాకు సేద్యగాళ్ళే ఇష్టం అబ్బీ.”

కత్తి చెయ్యడంలో ఉన్న రహస్యాన్ని బాబా మహా గంభీరంగా వివరించాడు. కత్తి మొత్తం గట్టి ఉక్కుతో చేస్తే దెబ్బకు పుటుక్కున విరుగుతుంది. మొత్తం మెత్తటి ఇనుముతో చేస్తే వంగిపోతుంది. అందుకని వందల ఏళ్ళ కిందటే అక్కడి కమ్మరులు రెండు ఇనుప రేకుల మధ్య ఉక్కు రేకు పెట్టి, కాల్చి, ఏకంగా సాగగొట్టారు. ఇంకొందరు ఇనుప వంటికి అంచున మాత్రం ఉక్కు పొదిగారు. నేను తర్జుమా చేస్తుంటే ఆయన ముఖంలో ఆశ్చర్యం బదులు విసుగు కనబడింది.

“గొడ్డలికి ఉక్కు పెట్టేదే కదబ్బీ ఇది? మా నాయన దినానికి నాలుగు పెట్టేది. ఇంత మాటకు ఈయప్ప చైనా దాకా పోవల్లనా?”

నేను బాబాతో, “మీ జ్ఞానం చూసి నోట మాట రావడం లేదంటున్నాడు,” అన్నాను. బాబా ఆయన వైపు అనుమానంగా చూసి నవ్వాడు. అనువాదంలో నేను వేసే ఉప్పూ కారం ఇద్దరికీ తెలుసనే నా అనుమానం. ఇద్దరూ పోనిచ్చేవాళ్ళు.

ఇంకో శుక్రవారం బాబా ఒక పాత కథ చెప్పాడు. రాజు కత్తులు చెయ్యమన్నాడు. కొలిమిలో ఇనుము ఎంతకీ కరగలేదు. కమ్మరి భార్య తన జుట్టూ గోళ్ళూ కత్తిరించి మంటలో వేసింది, అప్పుడు కరిగింది. బాబా కళ్ళు తడిశాయి. ఆయన మాత్రం ఆలోచించి, “బొగ్గు తడిసుంటాది,” అన్నాడు. “ఎండబోసుకోని మండించల్ల. ఆయమ్మ జుట్టేం పాపం చేసింది?” ఈసారి నేనేమీ కలపకుండా చెప్పాను. బాబా పొట్ట పట్టుకుని నవ్వాడు, టీ ఒలికింది. ఉన్నదున్నట్టు చెప్పినా బాగానే ఉంటుందని ఆ రోజు నాకు తెలిసింది. గుర్తుపెట్టుకోవాల్సింది.

ఆ గోడ మీద ఒక్క కత్తిని మాత్రం బాబా ఆయనకు ఇచ్చేవాడు కాదు. నడిమధ్యన వెండి కట్ల ఒరలో ఉండే అయ్యవారు. కత్తి వంటి మీద ఏడు రాగి చుక్కలు పొదిగి ఉండేవి, ఆకాశంలో సప్తర్షుల వరుసలో. చైనాలోనూ ఆ ఏడు చుక్కలకు మొక్కుతారట. ఏదో చక్రవర్తి కాలం నాటిదని బాబా అతిథులకు చెప్పేవాడు. దాన్ని తుడవడం, నూనె రాయడం అన్నీ తనే. ఈయన చెయ్యి చాస్తే “ఖలాస్, ఇది నాది,” అనేవాడు. ఆయన నొచ్చుకోలేదు. “ప్రాణమంతా దాని మీదే పెట్టుకున్యాడు. పెట్టుకోనీ,” అనేవాడు.

దసరాకు ఆయన ఆయుధపూజ చేసేవాడు. ఊళ్ళో కొలిమికీ సుత్తికీ చేసినట్టే. ఒక్కొక్క కత్తితో ఒక్కో నిమ్మకాయ కోసి, వెంటనే తడి తుడిచి, సోడాపొడి నీళ్ళ గుడ్డతో ఒకసారి, నూనెతో ఒకసారి తుడిచి గోడకెక్కించేవాడు. పిడికి గోరంత కుంకుమ. మ్యూజియం వాళ్ళు వింటే మూర్ఛపోతారు. కువైటీ ఇంటి దివానియాలో కుంకుమేమిటన్నా అని నేనే భయపడేవాణ్ణి. ఇది ఆయనకూ నాకూ మాత్రమే తెలిసిన గుట్టని నా నమ్మకం.

బాబా పోయాడు. ఇల్లు పెద్ద కొడుకు చేతికొచ్చింది. చెడ్డవాడు కాదు, తీరికలేనివాడు. కత్తులన్నీ అమ్మేద్దామనుకున్నాడు. ఎవరో వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఏడు చుక్కల అయ్యవారు మొదటి నంబరు. ఒర లేని, తుప్పు గుంటలు పడిన ఒక సేద్యగాడు మాత్రం పాత ఇనుముతో పాటు మూలకు చేరాడు.

ఆ ఏడాది దసరా నాడు మధ్యాహ్నం నాకు ఫోనొచ్చింది. “అబ్బీ, రవ్వంత రాగలవా?” ఆయన గొంతు అలా వినడం నాకు కొత్త.

నేను వెళ్ళేసరికి దివానియా బల్ల మీద పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద ఏడు చుక్కల కత్తి. నడుము పొడుగునా నల్లటి మరక.

“బాబా పోయినాక దీన్ని పలకరించినోళ్ళే ల్యా. పండగ పూట దానికీ ఒక కాయ కోద్దామనుకున్యా,” అన్నాడు. “కోసి, తుడిచేలోపల పిల్లోల్లని స్కూలు కాణ్ణుంచి తీసుకురమ్మని ఫోనొచ్చింది. వచ్చేకొద్దీ ఇట్లయింది.”

“పోనీలే, నూనె పెట్టి రుద్దితే...”

“మరక సంగతి కాదబ్బీ. బాగా సూడు. పులుపు తగిలితే ఉక్కు నల్లబడతాది, ఇనుము తెల్లగా నిలబడతాది, నడుమ గీతలు లేస్తాయి. దీంట్లో ల్యా. అంచుకూ నడుముకూ ఒకటే రంగు. ఇంకోటి, పాతకాలం కత్తి పిడికాడ మందంగా ఉండి మొనకు పోనుపోను పల్చబడతాది. ఇది ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే మందం. ఎత్తంగానే చెయ్యి చెప్పింది.” గోటితో కొట్టాడు. తల వంచి విన్నాడు. “లారీ కమాను పట్టీ ఇది. మా ఊర్లో దీంతో గడ్డపారలు చేస్తారు.”

నేను కుర్చీ చూసుకుని కూర్చున్నాను. “బాబాకు తెలుసా అన్నా?”

“తెలుసు. తెలుసు కాబట్టే నన్ను తాకనియ్యల్యా.” దుప్పటి కొస లాగి కత్తి మీద కప్పాడు. “పాపం, ఎంత అవస్థ పడినాడో ఇన్నేండ్లు.”

తర్వాత గడ్డంతో మూల వైపు చూపించాడు. కత్తుల్ని వేలెత్తి చూపేవాడు కాదు, గడ్డంతోనే. “అదో, ఆ సేద్యగాడు. అది అసలుది. గోడ మీదుండే అన్నిట్లోకీ పాతది. దాన్ని పాత ఇనుములో ఎత్తబోతాండారు.”

సాయంత్రం పెద్ద కొడుకు ఇద్దరు అతిథులతో వచ్చాడు. మరక చూశాడు. ఎవరు చేశారని అడిగాడు. ఆయన ముందుకొచ్చి నాతో నెమ్మదిగా అన్నాడు: “చెప్పినట్ల చెప్పు అబ్బీ. ఈపొద్దు ఉప్పూ కారం ఎయ్యొద్దు.”

తర్వాత పెద్ద కొడుకు కళ్ళలోకి చూస్తూ తెలుగులో చెప్పాడు. “పండగని నిమ్మకాయ కోసినా. మరక నాదే, ఒప్పుకుంటాండా. కానీ ఈ కత్తి పాతది కాదు. పాతదని అమ్మితే రేపు మీకే తలవంపు. మూలనుండే దాన్ని పారెయ్యద్దండి, అదే అసలైంది. బాబాకు అంతా తెలుసు. ఆయన మీద మాత్రం కోపగించుకోవద్దండి. నేను కమ్మరోన్ని. ఈ ఒక్క మాట నమ్మండి.”

అందరూ నా వైపు తిరిగారు.

నా బుర్ర ఇలాంటప్పుడే చురుగ్గా పనిచేస్తుంది. నిమ్మకాయ, కుంకుమ అంటే చేతబడి అనుకుంటారు. తండ్రి నకిలీ కత్తి పెట్టుకుని చక్రవర్తి కథలు చెప్పాడని పరాయివాళ్ళ ముందు కొడుకుతో అనాలి, అదీ డ్రైవరు మాటగా. వచ్చే నెల ఇఖామా రెన్యువల్ ఉంది. ఇన్ని ఆలోచించి, నేను అరబ్బీలో ఇలా చెప్పాను: “తెలియక శుభ్రం చెయ్యబోయి పాడుచేశాడు. తప్పయిపోయింది, క్షమించమని మిమ్మల్ని వేడుకుంటున్నాడు.”

“ఖలాస్,” అన్నాడు పెద్ద కొడుకు. “ఇక కత్తులు ముట్టుకోవద్దను. వెళ్ళి కారు చూసుకోమను.”

నేను గెలిచినట్టే అనుకున్నాను. ఉద్యోగం నిలబడింది. ఇఖామా వస్తుంది. ఆయన ముఖం చూశాక గాని గుర్తు రాలేదు. ఇరవై ఏళ్ళు అరబ్బుల ఇంట్లో ఉన్న మనిషికి ఉక్కు గురించి చెప్పేంత అరబ్బీ లేకపోవచ్చు, క్షమించమనే మాట తెలియకుండా ఉంటుందా? ఆ ఇంట్లో పనివాళ్ళు రోజూ వాడే మాటే అది.

నన్ను కారులో షర్క్‌లో దించాడు. దిగేముందు నేను, “అన్నా, నీ మంచికే,” అన్నాను. ఆయన అద్దంలో వెనక బండిని చూసుకుంటూ, “దిగండి సార్,” అన్నాడు. అంతకుముందు పదిహేనేళ్ళు నన్ను అబ్బీ అన్నవాడు, ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

మూడు నెలల తర్వాత ఆయన్ని రుమైథియా నుంచి తీసేసి అమ్ఘరాలో వాళ్ళకున్న బిల్డింగు సామాన్ల గోడౌనుకు పంపారు. ఎండలో ఇనుప కడ్డీలు లెక్కపెట్టే పని. అక్కడ మనిషి తక్కువై పంపారని నేను అనుకున్నాను. అనుకోవడం నాకు సులువు.

ఒకసారి చూడటానికి వెళ్ళాను, బిర్యానీ పట్టుకుని. “ఎందుకు సార్ శ్రమ,” అని రెండు చేతులతో తీసుకున్నాడు. పెద్ద అధికారి ఇచ్చిన బహుమతి అందుకున్నట్టు. కాళ్ళు వాచి ఉన్నాయి. ఆ సేద్యగాడి సంగతి అడిగాను. గోడౌను అవతల వరసగా ఉన్న పాత ఇనుము యార్డుల వైపు గడ్డం ఎత్తాడు.

“ఈడికే వచ్చింటాది. శుక్రవారం శుక్రవారం తిరుగుతాండా. ఇంకా కనపడల్యా.”

“దొరికితే ఏం చేస్తావన్నా?”

“ఏముంది సార్. తుడుస్తా.”

పెద్ద కొడుకు దగ్గరికి వెళ్ళి చెప్పింది చెప్పినట్టు చెప్పేద్దామని ఆ రోజు తిరుగు బస్సులో అనుకున్నాను. చాలా గట్టిగా అనుకున్నాను. దాదాపు రెండేళ్ళు అలాగే గట్టిగా అనుకుంటూ ఉన్నాను. పోయిన నెల ఆయన గోడౌనులో కుర్చీలో కూర్చుని కూర్చునే పోయాడు.

శవాన్ని ఊరికి పంపే కాగితాల మీద వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ సంతకం కావాలి. రుమైథియా వెళ్ళాను. దివానియా గోడకు కొత్తగా రంగు వేశారు. పెద్ద కొడుకు నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

“అల్లా అతన్ని క్షమించుగాక,” అన్నాడు. “నేనైతే ఎప్పుడో క్షమించాను. పోలీసు దాకా పోలేదు, మా నాన్న ముఖం చూసి.”

పోలీసెందుకని అడిగాను.

“నీకు తెలియదా? ఆ ఏడు చుక్కల కత్తి కొన్నవాడు నెల తిరక్కుండా వెనక్కి పంపాడు. కొత్త ఉక్కట. మా నాన్న నకిలీ కొనే మనిషి కాదు. అసలుది ఎవరో మార్చేశారు. ఆ గోడ దగ్గరికి పోయేది ఒక్కడే. పైగా తప్పయిపోయింది, క్షమించమని మన ముందే ఏడ్చాడు కదా. నువ్వే చెప్పావు.”

ఆయన ఏడవలేదు. అది కూడా నా తర్జుమా నుంచి పుట్టిందే. రెండేళ్ళుగా ఆయన్ని అమ్ఘరా ఎండలో నిలబెట్టింది ఆ మాటే.

అప్పుడు చెప్పాను. ఒక్కొక్క మాటా, ఆయన చెప్పిన వరసలో. నిమ్మకాయ దగ్గర ఆగాను, కూడదీసుకుని అదీ చెప్పాను.

“నిమ్మకాయల సంగతి మాకందరికీ తెలుసు,” అన్నాడు పెద్ద కొడుకు. “ఏటా ఆ కాయలు తెప్పించేది మా నాన్నే. కుంకుమ కూడా. దానికా భయపడ్డావు?”

మిగతాది చెప్పాను. కొత్త కత్తి అని. అసలుది మూలన ఉందని. బాబాకు తెలుసని, బాబా మీద కోపగించుకోవద్దని. కమ్మరి మాట నమ్మమని.

అతను కప్పు కింద పెట్టి గోడ వైపు చూశాడు. డ్రైవరు దొంగ కాకపోతే తండ్రి పాతికేళ్ళు అతిథుల ముందు అబద్ధమాడినట్టు. రెండూ కాకుండా మూడో దారి ఉంటే బాగుండునని నేనూ వెతికాను. అనువాదకుడిగా నాకు అలాంటివి దొరుకుతుంటాయి. ఆ రోజు దొరకలేదు.

“ఇది ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదు.”

కలం తీసుకుని చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. కాగితాలు సర్ది నా చేతికిచ్చాడు. టికెట్టు, పెట్టె ఖర్చు అన్నీ తనవేనన్నాడు. గుమ్మం దాకా వచ్చి, భుజం మీద చెయ్యేసి, మెల్లగా అన్నాడు.

“నీ మొదటి తర్జుమానే ఉండనీ.”

అలవాటు కొద్దీ థాంక్స్ చెప్పి వచ్చేశాను.